లాటిన్ ధాతువులతో ఇంగ్లీషు పదాలు: తెలుగువాళ్ళకు సగం దారి ముందే తెలుసు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. జీఆర్ఈకి చదువుతున్నారు. ఎవరో ఇచ్చిన మూడొందల ధాతువుల పీడీఎఫ్ బట్టీ పడుతున్నారు. యాభై దాకా వచ్చేసరికి మొదటి ఇరవై ఎగిరిపోతున్నాయి. గుర్తున్నవి కూడా కొత్త పదం ఎదురైనప్పుడు అక్కరకు రావడం లేదు. ఇంగ్లీషు లాటిన్ నుంచే పుట్టింది కాబట్టి ఏకంగా లాటిన్ నేర్చేసుకోమని స్నేహితుడు సలహా ఇచ్చాడు. ఈ పద్ధతి పనిచేస్తుందా, లాటిన్ నేర్చుకోక తప్పదా అన్నది మీ సందేహం.

పద్ధతి పనిచేస్తుంది. పట్టికగా బట్టీ పడితే మాత్రం పనిచెయ్యదు. పోటీ పరీక్షల పిల్లలకు చాలా ఏళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను. ఇలాంటి పీడీఎఫ్‌లు ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కి చేతులు మారుతూనే ఉంటాయి. అన్నిటిదీ ఒకటే తంతు: ఎడమ గడిలో ధాతువు, కుడి గడిలో అర్థం, పక్కన రెండు ఉదాహరణలు. ఆ ధాతువు రూపం ఎందుకు మారుతుందో, ముందు చేరిన ముక్క దాన్ని ఎటు లాక్కుపోతుందో ఒక్క ముక్క ఉండదు. కిటుకంతా అక్కడే ఉంది. తమాషా ఏమిటంటే, బళ్ళో తెలుగు వ్యాకరణం కాస్త శ్రద్ధగా చదివినవాళ్ళకు ఆ కిటుకు ఇదివరకే తెలుసు. దాన్ని ఇంగ్లీషు మీద ప్రయోగించి చూడలేదంతే.

ముందు మీ స్నేహితుడి మాట తేల్చేద్దాం. ఇంగ్లీషు లాటిన్ బిడ్డ కాదు. అది జర్మన్, డచ్ భాషలకు తోబుట్టువు. వాటర్, హ్యాండ్, మదర్, ఈట్, కమ్, గో లాంటి ఇంటి మాటలన్నీ దాని సొంత సొత్తు. లాటిన్ పొరలు పొరలుగా వచ్చి పైన చేరింది. ఆంగ్లో-శాక్సన్లు బ్రిటన్ గడ్డ మీద కాలు పెట్టకముందే రోమన్లతో ఇచ్చిపుచ్చుకున్న మాటలు కొన్ని: స్ట్రీట్, వాల్, వైన్, చీజ్. 597లో క్రైస్తవ ప్రచారకుడు అగస్టీన్ కెంట్ చేరాక వచ్చిన చర్చి మాటలు మరికొన్ని. 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు గెలిచాక ఫ్రెంచి చేతుల మీదుగా వేలకొద్దీ వచ్చిపడ్డాయి. ఆ తరవాత పునరుజ్జీవన కాలపు పండితులు పుస్తకాల్లోంచి నేరుగా ఎత్తి తెచ్చుకున్నవి ఇంకో పెద్ద గుట్ట. మీ జీఆర్ఈ జాబితాలో కనిపించేవి ఎక్కువగా ఈ చివరి రెండు గుట్టల్లోవే.

ఈ కథ మనకు కొత్తది కాదు. తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదని మద్రాసులో పనిచేసిన కుంఫిణీ అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో ఆధారాలతో చూపించాడు. అయినా సంస్కృత పదాలు తీసేస్తే మన పేపర్లో ఒక్క సంపాదకీయం కూడా నిలబడదు. ఇంట్లో ‘పన్ను నొప్పి’ అంటాం, బోర్డు మీద ‘దంత వైద్యశాల’ అని రాస్తాం. కన్ను మనదే, దానం చేసేటప్పుడు నేత్రదానం. ఇల్లు మనదే, ప్రవేశం మాత్రం గృహప్రవేశం. ఇంగ్లీషువాడిదీ ఇదే బాణీ. పన్ను ‘టూత్’, వైద్యం ‘డెంటల్’. చెయ్యి ‘హ్యాండ్’, చేత్తో చేసే పని ‘మాన్యువల్’. ఇల్లు ‘హౌస్’, ఇంటికి సంబంధించినది ‘డొమెస్టిక్’. పేరు ఇంటి మాట, దాని విశేషణం లాటిన్ మాట. ఇలాంటి జంటలు ఒక పేజీ నిండా రాసుకోండి. బట్టీ పట్టే అవసరం లేకుండానే ఓ వంద ధాతువులు వాటంతట అవే పరిచయమవుతాయి.

‘డెంటల్’లోని ‘డెంట్’, ‘దంతం’ దగ్గరగా వినిపించడం కాకతాళీయం కూడా కాదు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని అక్కడ జడ్జిగా ఉన్న విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పిన మాట మీరు వినే ఉంటారు. సప్త, అష్ట, నవ, దశ అనుకుని, సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్, డిసెంబర్ అనండి. సెప్టెంబర్ తొమ్మిదో నెల కదా అంటారా, రోమన్ల పాత ఏడాది మార్చిలో మొదలయ్యేది. మన ఉగాది రోజుల్లోనే అన్నమాట.

ఇక అసలు యంత్రాంగం. సంస్కృత వ్యాకరణం ఏ కాస్త విన్నా ఈ శ్లోకం చెవిన పడుతుంది: ‘ఉపసర్గేణ ధాత్వర్థో బలాదన్యత్ర నీయతే, ప్రహారాహార సంహార విహార పరిహారవత్.’ ధాతువు అర్థాన్ని ఉపసర్గ, అంటే దాని ముందు చేరే ముక్క, బలవంతంగా వేరే చోటికి లాక్కుపోతుందని. హారం ఒకటే. ప్ర చేరితే దెబ్బ, ఆ చేరితే తిండి, సం చేరితే చంపడం, వి చేరితే షికారు, పరి చేరితే నష్టపరిహారం. ఇది మీకు వంటబట్టి ఉంటే లాటిన్ మీకు పరాయిది కాదు. ‘వెర్తెరె’ అనే క్రియ తీసుకోండి. తిప్పడం, తిరగడం అని అర్థం. ‘కన్వర్ట్’ అంటే పూర్తిగా తిప్పెయ్యడం, మార్చడం. ‘రివర్ట్’ వెనక్కి తిరగడం. ‘ఇన్వర్ట్’ తలకిందులు చెయ్యడం. ‘డైవర్ట్’ దారి మళ్ళించడం. ‘అవర్ట్’ ముప్పును పక్కకు తిప్పెయ్యడం. ‘సబ్‌వర్ట్’ కింద నుంచి తవ్వి కూలదొయ్యడం. ‘యానివర్సరీ’ ఏడాది తిరిగి రావడం. ఇదే ధాతువు మన దగ్గర ‘వృత్’. పరివర్తన, ఆవర్తనం, ప్రవర్తన, అనువర్తన, నివృత్తి అన్నీ దాని పిల్లలే. యంత్రమూ ఒకటే, ముడిసరుకూ ఒకటే. ‘కన్వర్షన్’కు ‘పరివర్తన’ అని రాస్తే అనువాదం చేసినట్టు ఉంటుంది కానీ, నిజానికి అవి దూరపు చుట్టాలు.

పీడీఎఫ్‌లు చేతులెత్తేసే చోటు ఇప్పుడు వస్తుంది. ‘చేయు’ అన్న అర్థానికి ‘ఫ్యాక్’ అని రాసి ఊరుకుంటారు. ‘ఫ్యాక్టరీ’, ‘ఫ్యాక్ట్’, ‘మాన్యుఫ్యాక్చర్’ వరకు బండి నడుస్తుంది. ‘డిఫిషియెంట్’ రాగానే ఆగిపోతుంది. ‘డిఫెక్ట్’ ఎక్కడిది? ‘శాటిస్‌ఫై’లో ఫ్యాక్ ఏది? ఇవన్నీ ‘ఫాకెరె’ అనే ఒక్క క్రియ వేషాలే. వేషం మార్చడానికి కారణాలు మూడున్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, దాదాపు ప్రతి లాటిన్ క్రియకూ రెండు మొహాలు ఉంటాయి. ఒకటి వర్తమానం, రెండోది పని అయిపోయిందని చెప్పే మన ‘క్త’ ప్రత్యయం లాంటిది. సంస్కృతంలో యుజ్ నుంచి యుక్త, వచ్ నుంచి ఉక్త, గమ్ నుంచి గత వచ్చినట్టే. కలపడానికి లాటిన్ మాట ‘యుంగెరె’, కలిపినది ‘యుంక్తుస్’. యుజ్, యుక్త పక్కన పెట్టి చూడండి. ఆ ‘య’ ఇంగ్లీషులో ‘జ’గా మారి ‘జంక్షన్’ అయింది. విజయవాడ జంక్షన్‌లో రైలు మారే ప్రతిసారీ మీరు ‘యుక్త’ అనే మాటకు జ్ఞాతి మీద నిలబడుతున్నారు. ఇంగ్లీషులో క్రియ తరచు మొదటి మొహం నుంచి, భావార్థకం, అంటే ఆ పని పేరు, రెండో మొహం నుంచి వస్తాయి. అందుకే ‘పర్మిట్’ అన్నవాడే ‘పర్మిషన్’ అంటాడు, ‘డిసైడ్’ అన్నవాడే ‘డెసిషన్’ అంటాడు. డిస్క్రైబ్-డిస్క్రిప్షన్, ప్రొడ్యూస్-ప్రొడక్షన్, ఎక్స్‌టెండ్-ఎక్స్‌టెన్షన్, కన్వర్ట్-కన్వర్షన్ అన్నీ ఇదే కోవ. పిల్లలు వీటిని రెండేసి ధాతువులుగా లెక్కేసి భారం రెట్టింపు చేసుకుంటారు. యోగం, యుక్తి వేరువేరు ధాతువులని మనం ఎప్పుడైనా అనుకున్నామా?

రెండోది అచ్చు బలహీనపడటం. ముందు ఉపసర్గ చేరితే ధాతువులోని ‘అ’ నీరసించి ‘ఇ’ గానో ‘ఎ’ గానో మారుతుంది. బాగా పాత లాటిన్‌లో ఊనిక, అంటే నొక్కి పలకడం, మాట మొదటి అక్షరం మీద పడేది కాబట్టి తరవాతి అచ్చు నలిగిపోయింది. అక్షరం అచ్చుతో ముగిస్తే ‘ఇ’, హల్లుతో ముగిస్తే ‘ఎ’. ‘ఫాకెరె’ కాస్తా ఉపసర్గ తగిలాక ‘ఫికెరె’, ‘ఫాక్తుస్’ కాస్తా ‘ఫెక్తుస్’. కాబట్టి ‘డిఫిషియెంట్’, ‘డిఫెక్ట్’ రెండూ ఒక తల్లి బిడ్డలు. ఎఫిషియెంట్-ఎఫెక్ట్ జంటా అంతే. ఇదే సూత్రం ‘కాపెరె’ మీద వేసి చూడండి, పట్టుకోవడం అని అర్థం. ఉపసర్గ లేకపోతే ‘క్యాప్చర్’, ‘క్యాప్టివ్’. ఉంటే ‘రెసిపియెంట్’, ‘యాక్సెప్ట్’, ‘పర్సెప్షన్’. ‘పట్టుకోవడం’ లోంచి ‘గ్రహించడం’ ఎలా వచ్చిందని అడక్కండి. గ్రహణం పడితే పట్టింది అంటాం, పాఠం అర్థమైతే గ్రహించాం అంటాం. మన భాషా ఆ దారిలోనే నడిచింది.

మూడోది ఫ్రెంచి వాళ్ళ నోరు. పుస్తకం నుంచి వచ్చిన మాట రూపం చెడకుండా వస్తుంది, జనం నోట నానిన మాట అరిగిపోయి వస్తుంది. మనకు తత్సమం, తద్భవం అంటే ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే. ‘ఫ్రాగిలిస్’ అనే లాటిన్ మాట పుస్తకం దారిన ‘ఫ్రాజైల్’గా, ఫ్రెంచి వీధుల్లో అరిగి ‘ఫ్రెయిల్’గా, రెండుసార్లు ఇంగ్లీషులోకి దూరింది. సెక్యూర్-ష్యూర్, రీగల్-రాయల్, లీగల్-లాయల్, పోషన్-పాయిజన్, కంప్యూట్-కౌంట్ అలాంటి జంటలే. ‘యాత్ర’ అలాగే ఉండిపోగా దాని తద్భవం ‘జాతర’ వేరే అర్థం తెచ్చుకుంది చూశారా, తాగే మందు ‘పోషన్’ అయి, దాని అరిగిన రూపం ‘పాయిజన్’ విషం కావడం అచ్చం అదే. ఫాకెరె కుటుంబంలో ‘డిఫీట్’, ‘ఫీచర్’, ‘ఫ్యాషన్’, ‘ప్రాఫిట్’, ‘కౌంటర్‌ఫీట్’ ఇలా అరిగి వచ్చినవే. ‘శాటిస్‌ఫై’, ‘మ్యాగ్నిఫై’ల తోక కూడా ఫాకెరెదే. కాపెరె కుటుంబంలో ‘రిసీవ్’, ‘డిసీవ్’, ‘కన్సీవ్’ అరిగిన సరుకు. వీటిని ధాతువుగా గుర్తుపట్టడం కష్టమే. ఒకసారి తద్భవమని తెలిస్తే మళ్ళీ మరిచిపోవడం అంతకన్నా కష్టం.

రెండు మొహాలు అస్సలు పోలిక లేకుండా ఉండే క్రియ ఒకటుంది, ‘ఫెర్రె’. మొయ్యడం అని అర్థం. దాని రెండో మొహం ‘లాతుస్’. ట్రాన్స్‌ఫర్-ట్రాన్స్‌లేట్, రిఫర్-రిలేట్, కన్ఫర్-కొలేట్ ఈ ఒక్క క్రియ జంటలే. ఎందుకిలా అంటే, రెండు వేరు ధాతువులు కలిసి ఒకే క్రియగా కాపురం పెట్టాయి. ఫెర్రెకు మన చుట్టం ‘భృ’, భారం, భరించు మాటల్లో ఉన్నది. లాతుస్‌కు మన చుట్టం ‘తుల’, ఎత్తి తూచేది. ‘తులాభారం’ అన్న ఒక్క మాటలో ఆ రెండు ధాతువులూ పక్కపక్కనే కూర్చున్నాయి. సత్యభామకు తెలియకపోవచ్చు కానీ, ఈ క్రియను గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి కొక్కెం నాకు దొరకలేదు.

ఇప్పుడు సంధుల సంగతి. చాలామంది వదిలేసే భాగం ఇదే, నా దృష్టిలో అన్నిటికన్నా లాభసాటిది కూడా ఇదే. సత్ + జనుడు సజ్జనుడు అవుతాడు. ఉత్ + చారణ ఉచ్చారణ, ఉత్ + లంఘన ఉల్లంఘన, జగత్ + నాథుడు జగన్నాథుడు. ముందు ముక్క చివరి హల్లు పక్క హల్లు రంగు పులుముకుంటుంది. లాటిన్‌లో ‘అద్’ అనే ఉపసర్గ, అంటే వైపు అని, అచ్చం ఇలాగే రంగులు మారుస్తుంది. కెప్ట్ ముందు ‘అక్’, ఫెక్ట్ ముందు ‘అఫ్’, ట్రాక్ట్ ముందు ‘అత్’, నౌన్స్ ముందు ‘అన్’. యాక్సెప్ట్, అఫెక్ట్, అట్రాక్ట్, అనౌన్స్ స్పెల్లింగుల్లో జంట అక్షరాలు ఎందుకున్నాయో తెలిసిందా? ‘కాన్’ కూడా అంతే: కలెక్ట్‌లో ఎల్ రెండు, కరెక్ట్‌లో ఆర్ రెండు. ‘ఇన్’ నుంచి ఇల్లీగల్, ఇమ్మోరల్, ఇర్రెగ్యులర్. ‘సబ్’ నుంచి సఫిక్స్, సపోర్ట్, సక్సీడ్. పీడీఎఫ్‌లో ‘అఫ్’, ‘అక్’, ‘అప్’, ‘అస్’ అని నాలుగు ఉపసర్గలుగా రాసి ఉంటే, ఆ నాలుగూ కొట్టేసి ఒకటి రాసుకోండి.

దీంతో స్పెల్లింగ్ కూడా తీరుతుంది. హాస్టల్ బోర్డుల మీద ‘అకామడేషన్’ అనే మాటను ఒక్క ఎం‌తో రాసినవి ఎన్ని చూడలేదు! విడగొడితే అద్ + కాన్ + మోడ్. అద్ పక్కన సి ఉంది కాబట్టి సి రెండు, కాన్ పక్కన ఎం ఉంది కాబట్టి ఎం రెండు. తప్పు రాయమన్నా రాయలేరు. ‘రికమెండ్’ రె + కామెండ్, కాబట్టి సి ఒకటే, ఎం రెండు. ‘అకేషన్’ ఓబ్ + కాస్, కాబట్టి సి రెండు, ఎస్ ఒకటి. ‘సెపరేట్’లో ఉన్నది ‘పరారె’, సిద్ధం చేయడం, అందుకే పి తరవాత ఎ రావాలి. ‘ప్రివిలేజ్’లో ఉన్నది చట్టం, ‘లెగ్’, కాబట్టి డి అక్షరానికి అక్కడ పనే లేదు. ‘సూపర్‌సీడ్’ చివర సి రాసేవాళ్ళు ప్రొఫెసర్లలోనూ ఉన్నారు. అది పైకెక్కి కూర్చోవడం, ‘సెదెరె’, మన ‘సదస్సు’లో కూర్చునే ‘సద్’ ధాతువుకు చుట్టం. ఎస్ రాయాల్సిందే.

జాగ్రత్తపడాల్సిన చోట్లు కొన్ని. ఒకే మొహం, వేరే ప్రాణం.

‘సిడ్’ అని కనిపించగానే చంపడం అనుకోకండి. ‘కైదెరె’ అంటే నరకడం. సూయిసైడ్, హోమిసైడ్, పెస్టిసైడ్ దాని సంతానం. ‘డిసైడ్’ కూడా: ఊగిసలాటను తెగ్గొట్టడం. ‘తెగింపు’, ‘తీర్పు తెగింది’ అనే మనకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. ‘కాదెరె’ అంటే పడటం. యాక్సిడెంట్, ఇన్సిడెంట్, కోయిన్‌సైడ్, ఆకులు రాల్చే చెట్లను అనే ‘డెసిడ్యుయస్’ దీని సంతానం. ఉపసర్గ తగిలాక రెండూ ‘సిడ్’ అయిపోయాయి. తేడా తెలుసుకోవాలంటే రెండో మొహం చూడాలి. నరకడానికి ‘సిస్’: ఇన్సిషన్, ప్రిసైజ్, కన్సైజ్. పడటానికి ‘కాస్’: కేస్, క్యాజువల్, అకేషన్.

‘పెడ్’ ఇంకో గుంట. లాటిన్ పాదం: పెడల్, పెడెస్ట్రియన్. కాళ్ళకు బంధం వేస్తే ‘ఇంపీడ్’, విప్పితే ‘ఎక్స్‌పెడైట్’. ‘పీడియాట్రిక్స్’లో ఉన్నది గ్రీకు పిల్లవాడు, దానికీ కాళ్ళకీ సంబంధం లేదు. ‘ఆర్థోపెడిక్స్’ దగ్గర బాగా చదివినవాళ్ళు కూడా తడబడతారు. ఎముకల డాక్టరు కదా, పాదమే అయి ఉంటుందనుకుంటారు. 1741లో ఫ్రెంచి వైద్యుడు నికొలా ఆంద్రీ, పిల్లల అవయవాల వంకరలు సరిచేసే విద్యకు పెట్టిన పేరు అది. ‘ఆర్థో’ తిన్నన, ‘పెడ్’ పిల్లవాడు. రెండూ గ్రీకు.

‘ఇన్’ రెండు రకాలు. ఒకటి మన ‘అ’, ‘అన్’ లాంటి నిషేధం. ఇంకోటి ‘లోపల’. పెట్రోలు ట్యాంకరు వెనక ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని రాసి ఉంటుంది. మండనిది అనుకుని బీడీ వెలిగిస్తే చెప్పడానికి మనం ఉండం. అది ‘ఇన్‌ఫ్లామారె’, లోపలికి మంట పెట్టడం. ఈ అయోమయం వల్లే చాలాచోట్ల ‘ఫ్లేమబుల్’ అని రాయడం మొదలుపెట్టారు.

కట్టుకథల గురించి కూడా ఒక మాట. ధాతువుల వీడియోలు చేసేవాళ్ళకు కథ దొరికితే చాలు, నిజానిజాలు చూడరు. రోమన్ సైనికులకు జీతం ఉప్పుగా ఇచ్చేవారు కాబట్టి ‘శాలరీ’ అని చెబుతారు. ఆ మాటలో ఉప్పు ఉన్నమాట నిజమే, జీతం ఉప్పు బస్తాల్లో కొలిచి ఇచ్చారనడానికి మాత్రం ఆనాటి ఆధారం లేదు. ‘సిన్సియర్’ అంటే మైనం పూయని శిల్పం అన్నది పూర్తిగా కల్పన. అసలు అర్థం కల్తీ లేనిది, శుద్ధమైనది. ‘ఎడ్యుకేషన్’ అంటే లోపలి శక్తిని బయటికి లాగడమని ప్రతి కాలేజీ వార్షికోత్సవంలో ఎవరో ఒకరు సెలవిస్తారు. ఆ మాట ‘ఎదుకారె’ నుంచి వచ్చింది, పిల్లల్ని పెంచి పెద్దచేయడం అని. బయటికి నడిపించడం అనే అర్థమున్నది ‘ఎదూకెరె’. రెండూ దాయాదులే కానీ ఇది అది కాదు.

నిజం కథలే కావలసినన్ని ఉండగా కల్పించడం ఎందుకో నాకు అర్థం కాదు. ‘రైవల్’ అంటే ఒకే కాలువ నీళ్ళు వాడుకునేవాళ్ళు, ‘రీవుస్’ అంటే ఏరు. కృష్ణా జలాల తగవు పేపర్లో చదివే తెలుగువాడికి ఈ మాట ఇంకా వివరించాలా! ‘క్యాండిడేట్’ తెల్లబట్టలవాడు. రోమ్‌లో పదవి అడిగేవాళ్ళు సుద్దతో తెల్లగా మెరిసేలా చేసిన టోగాలు, అంటే ఒంటికి చుట్టుకునే పైబట్టలు, కట్టుకుని ఓట్లకు తిరిగేవారు. మన వీధిలోకి వచ్చేవాళ్ళ బట్టల రంగు మీకు తెలిసిందే. ‘యానిమల్’ అంటే ఊపిరి ఉన్నది, ‘ఆనిమా’ నుంచి. మన ‘ప్రాణి’ లోనూ ఊపిరి తీసే ‘అన్’ ధాతువే ఉంది. రెండు భాషలూ ఒకే ధాతువుతో ఒకే జీవికి పేరు పెట్టాయి.

వీటన్నిటిలోకీ నాకు ఇష్టమైనది ‘ఆస్పిషస్’. శుభప్రదం అని చదువుకుని ఉంటారు. ముక్కలు చేస్తే ‘అవిస్’, పక్షి, ‘స్పెకెరె’, చూడటం. రోమన్లు యుద్ధానికైనా ఎన్నికకైనా ముందు పక్షులు ఎటు ఎగురుతున్నాయో చూసి మంచిచెడులు తేల్చేవారు. ఇప్పుడు ‘శకునం’ తీసుకోండి. సంస్కృతంలో శకునం అంటే పక్షే. శకుంత పక్షులు సాకిన పిల్ల శకుంతల. తెలంగాణలో దసరా నాడు పాలపిట్టను చూడటానికి ఊరి బయటికి వెళ్తారు కదా, ఆ పని పేరు అక్షరాలా ‘ఆస్పిషస్’. అదే స్పెకెరె ఉపసర్గ తగిలాక ‘స్పిక్’, రెండో మొహంలో ‘స్పెక్ట్’. చుట్టూ చూసుకుని అడుగేసేవాడు ‘సర్కమ్‌స్పెక్ట్’. ఆరపారా చూడగలవాడు ‘పర్‌స్పికేషస్’. కొట్టొచ్చినట్టు కనిపించేది ‘కాన్‌స్పిక్యుయస్’. పై నుంచి చిన్నచూపు చూడటం ‘డిస్పైజ్’, చిన్నచూపుకు తగినవాడు ‘డెస్పికబుల్’. జీఆర్ఈలో తరచు కనిపించే ఓ అరడజను మాటలు ఒక పిట్ట చుట్టూ తిరుగుతున్నాయి.

అయితే ధాతువు తెలిసినంత మాత్రాన అర్థం తెలిసిపోదు. ‘నైస్’ లాటిన్ ‘నెస్కియుస్’ నుంచి వచ్చింది, ఏమీ తెలియనివాడని. అక్కణ్ణుంచి మూర్ఖుడు, నాజూకువాడు, చక్కనివాడు అంటూ శతాబ్దాల మీద జారుకుంటూ వచ్చింది. ‘ట్రాన్స్‌పైర్’ అవతలికి ఊపిరి వదలడం, తరవాత రహస్యం బయటికి పొక్కడం, చివరికి మామూలుగా జరగడం. ఇలాంటి చోట ధాతువు పట్టుకుని వేలాడితే తప్పు జవాబు పెట్టి వస్తారు. పైగా 2011లో జీఆర్ఈ మారినప్పుడు వ్యతిరేక పదాలు, పోలికల ప్రశ్నలు తీసేశారు. ఇప్పుడు ఖాళీ పూరించాలన్నా, సమానార్థక జంట పట్టాలన్నా వాక్యమే దిక్కు. వాక్యం ఒక దిక్కు చూపిస్తుంది, ధాతువు అది నిజమో కాదో చెబుతుంది. ఈ వరస తిరగెయ్యకండి.

ఇక ఏం చేయాలో చెబుతాను. ఆ పీడీఎఫ్ పక్కన పెట్టండి. మొదటి నెల ఈ క్రియలు చాలు: కాపెరె, ఫాకెరె, మిత్తెరె, దూకెరె, స్పెకెరె, తెనెరె, వెర్తెరె, పోనెరె, ఫెర్రె, కేదెరె, వెనీరె, సెక్వి, త్రాహెరె, కైదెరె, కాదెరె. ఒక్కోదానికి ఒక పూర్తి పేజీ. పైన రెండు మొహాలు, కింద ఉపసర్గ వారీగా పదాలు, ఓ మూల తద్భవాలు. పదాలు నేను ఇవ్వను, మీరే చదువుతూ ఎక్కడ తగిలితే అక్కడ చేర్చుకోండి. ఇచ్చిన జాబితా నోట్లో ఉంటుంది, పోగేసుకున్న జాబితా తలలో ఉంటుంది. సందేహం వచ్చిన ప్రతి మాటకూ మంచి నిఘంటువులో వ్యుత్పత్తి ఇచ్చిన రెండు పంక్తులు చూడండి. ‘టెండ్’ సాగదీయడమా, ‘టెన్’ పట్టుకోవడమా లాంటివి ఊహించి లాభం లేదు. ‘అటెన్షన్’ మొదటిది, ‘రిటెన్షన్’ రెండోది. చూడకుండా చెప్పగలరా?

తరచు తగిలే ఉపసర్గలు కొన్నే. వాటిని మాత్రం సంధి రూపాలతో సహా కంఠస్థం చేయాల్సిందే, అందులో రాజీ లేదు.

లాటిన్ నేర్చుకోవాలా అన్నదానికి: పరీక్ష కోసమైతే అక్కర్లేదు. విభక్తులు, కాలాలు మీకు ఒక్క మార్కు కూడా తేవు. న్యాయశాస్త్రం వైపు వెళ్ళే ఆలోచన ఉంటే మాత్రం కొన్ని ముక్కలు పనికొస్తాయి. రాజ్యాంగం 32, 226 అధికరణాల కింద కోర్టులు ఇచ్చే ఆజ్ఞల్లో, అంటే రిట్లలో, ‘హెబియస్ కార్పస్’ అంటే మనిషిని హాజరుపరచమని, ‘మాండమస్’ అంటే మేము ఆజ్ఞాపిస్తున్నామని, ‘కో వారంటో’ అంటే ఏ అధికారంతో అని. మీటింగుల్లో వినే ‘అజెండా’, ‘మెమొరాండం’, ‘రెఫరెండం’లలోని ‘అండ్’, ‘ఎండ్’ మన ‘అనీయ’, ‘తవ్య’ ప్రత్యయాల పనే చేస్తాయి. చేయదగినవి, అంటే కర్తవ్యాలు, ‘అజెండా’. గుర్తుంచుకోదగినది, స్మరణీయం, ‘మెమొరాండం’. పంచదగినది ‘డివిడెండ్’. చదవదగినది ‘లెజెండ్’. పూజనీయుడు ‘రెవరెండ్’. మీ క్లాసులో ‘అమాండా’ అనే అమ్మాయి ఉంటే ఆ పేరుకు అర్థం ఏమై ఉంటుందో, ‘అమారె’ అంటే ప్రేమించడం కాబట్టి, మీరే కట్టుకోండి.